మాయ పంపే కబుర్లు

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఇప్పటికీ గట్టిగా నిలిచిన ఆనవాయితీ. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో సీమంతం చేసి, గాజులు తొడిగి, అమ్మాయిని పుట్టింటివాళ్లు తీసుకుపోతారు. ఆ ప్రయాణం ఒక్కోసారి రాష్ట్రం హద్దు కూడా దాటుతుంది. పలమనేరు కోడలికి గుడియాత్తం పుట్టిల్లు కావచ్చు, నగరి కోడలికి తిరుత్తణి, కుప్పం కోడలికి క్రిష్ణగిరి. అప్పటిదాకా చూసిన ఏఎన్‌ఎం మారిపోతుంది, ఆశా కార్యకర్త మారిపోతుంది, డాక్టరమ్మ మారిపోతుంది. మొదటి నెలల్లో బీపీ ఎంత ఉండేదో రాసిన కార్డు అత్తగారింట్లోనే ఏ బీరువాలోనో ఉండిపోతుంది. ప్రీ-ఎక్లాంప్సియా బయటపడేది సరిగ్గా ఈ నెలల్లోనే.

గర్భం 20 వారాలు దాటాక, అంతకుముందు మామూలుగా ఉన్న రక్తపోటు 140/90కో ఆ పైకో చేరుతుంది. దానితోపాటు మూత్రంలో ప్రోటీన్ పోతుంది, లేదా కాలేయం, మూత్రపిండాలు, ప్లేట్‌లెట్లు, మెదడు వీటిలో ఏదో ఒకటి దెబ్బతింటున్న సూచన కనిపిస్తుంది. ఇదీ ప్రీ-ఎక్లాంప్సియా. ముదిరి ఫిట్స్ వస్తే అది ఎక్లాంప్సియా, మన పెద్దవాళ్ల గుర్రపువాతం. ప్రపంచంలో నూటికి 2 నుంచి 8 గర్భాల్లో ఈ జబ్బు కనిపిస్తుంది. ఏటా సుమారు 46 వేల మంది తల్లులు, 5 లక్షల మంది గర్భస్థ, నవజాత శిశువులు దీనివల్ల చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఇంట్లో దీన్ని గుర్తుపట్టడం కష్టం. కాళ్లకు నీరు దిగితే "కడుపుతో ఉన్నదానికి కాళ్లు వాయక ఏమౌతాయి" అంటారు. ఆ మాటలో అబద్ధమూ లేదు, చాలామంది ఆరోగ్యవంతులైన గర్భిణులకు కాళ్లు వాస్తాయి. మరోవైపు కాళ్లు ఏమాత్రం వాయకుండానే బీపీ 160 దాటిన వాళ్లుంటారు. తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, పైపొట్టలో నొప్పి, మూత్రం తగ్గడం మొదలయ్యేసరికి చాలా దూరం వచ్చేసినట్టే. అప్పుడు ఇంటిల్లిపాదీ కారణం వెతకడం మొదలుపెడతారు. ఊరగాయ తిన్నదనీ, ఉప్పు ఎక్కువ వేసుకున్నదనీ, చెప్పిన మాట వినలేదనీ నింద చివరికి ఆమె మీదికే వస్తుంది. ఉప్పు తగ్గించినంత మాత్రాన ఈ జబ్బు రాకుండా ఆగదని పరిశోధనలు ఎప్పుడో తేల్చాయి. అయినా ఆ నింద పోలేదు. ఈ అధ్యాయం చెప్పబోయే కథలో ఆ నిందకు చోటు లేదు. జబ్బు కనిపించేది తల్లి ఒంట్లో, కానీ కబుర్లు బయల్దేరేది మాయలోంచి.

ఈ సంగతి వైద్యులకు పాత ఆధారాల నుంచే తెలుసు. జబ్బుకు అసలు విరుగుడు ఒక్కటే, కాన్పు చేసి మాయను బయటికి తీయడం. ఇంతకన్నా బలమైన ఆధారం ముత్యాల గర్భం. అందులో బిడ్డే ఉండదు, మాయ కణజాలం మాత్రం ద్రాక్షగుత్తుల్లా పెరుగుతుంది. అయినా ప్రీ-ఎక్లాంప్సియా వస్తుంది, అదీ 20 వారాలకు ముందే. పూర్తి ముత్యాల గర్భంలో కణాల కేంద్రకంలోని క్రోమోజోములన్నీ తండ్రివే. తల్లివి ఒక్కటీ ఉండవు. బిడ్డా లేదు, తల్లి జన్యువులూ లేవు, జబ్బు మాత్రం ఉంది.

మామూలు గర్భంలో మాయ బిడ్డ కణాలతో తయారవుతుంది. కాబట్టి అందులో సగం తండ్రి వాటా. మాయ పైపొర కణాలను ట్రోఫోబ్లాస్ట్‌లంటారు. తొలి నెలల్లో అవి తల్లి గర్భాశయం గోడలోకి చొరబడి, అక్కడి మెలికల ధమనుల గోడలను మార్చేస్తాయి. సన్నగా, కండబిగువుతో ఉండే ఆ ధమనులు వెడల్పై, బిగువు వదిలి, గర్భం సగానికి వచ్చేసరికి రక్తాన్ని నెమ్మదిగా, ధారాళంగా వదిలే స్థితికి రావాలి. ప్రీ-ఎక్లాంప్సియాలో, ముఖ్యంగా 34 వారాలకు ముందే వచ్చే రకంలో, ఈ పని సగంలో ఆగిపోతుంది. వెడల్పు చెయ్యని చెరువు తూములోంచి నీళ్లు చిమ్ముతూ పోయి మడిని కోసేసినట్టు, ఇరుకు ధమనిలోంచి రక్తం ఉరవడిగా, ఆగి ఆగి వచ్చి మాయను దెబ్బతీస్తుంది. ఆక్సిజన్ కొరత, దాని వెనకే ఒత్తిడి.

ఆ ఒత్తిడి తల్లి ఒళ్లంతటికీ ఎలా పాకుతుందన్నది చాలాకాలం చిక్కుముడిగానే ఉండింది. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి అమెరికా వెళ్లిన మూత్రపిండాల వైద్యుడు ఎస్. అనంత్ కరుమంచి, ఆయన సహచరులు 2003లో ఒక కొసను పట్టుకున్నారు. దెబ్బతిన్న మాయ ఎస్‌ఫ్లిట్-1 అనే ప్రోటీన్‌ను విపరీతంగా వదులుతుంది. తల్లి రక్తనాళాల లోపొరను కాపాడే రెండు పెరుగుదల ప్రోటీన్లను (వీఈజీఎఫ్, పీఎల్‌జీఎఫ్) అది దారిలోనే పట్టేసుకుంటుంది. ఎలుకల్లో ఎస్‌ఫ్లిట్-1ను పెంచితే వాటికి రక్తపోటు పెరిగింది, మూత్రంలో ప్రోటీన్ పోయింది, మూత్రపిండాల్లో ప్రీ-ఎక్లాంప్సియాకే ప్రత్యేకమైన మార్పు కనిపించింది. వీఈజీఎఫ్‌ను అడ్డుకునే క్యాన్సర్ మందు తీసుకున్నవాళ్లలోనూ బీపీ, ప్రోటీన్ పోవడం కనిపించడంతో ఈ లెక్క ఇంకా బలపడింది. ఎస్‌ఫ్లిట్-1కూ పీఎల్‌జీఎఫ్‌కూ ఉన్న నిష్పత్తి 38 లోపు ఉంటే వచ్చే వారం రోజుల్లో జబ్బు బయటపడే అవకాశం చాలా తక్కువని 2016లో తేలింది. ఇలాంటి పరీక్షకు 2023లో అమెరికా ప్రభుత్వం అనుమతి కూడా ఇచ్చింది.

ప్రోటీన్ల కథ ఇది. దీనికి వెనక, ఏ ప్రోటీన్ ఎంత తయారవ్వాలో సర్దే చిన్న అణువుల కథ ఇంకొకటి ఉంది.

*

1993లో అమెరికాలో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మిల్లీమీటరు పొడవుండే ఒక పురుగును పరిశీలిస్తూ వింత విషయం బయటపెట్టారు. ఆ పురుగులోని లిన్-4 అనే జన్యువు ఏ ప్రోటీన్‌నూ తయారుచెయ్యదు. 22 అక్షరాల చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కను మాత్రం తయారుచేస్తుంది. ఆ ముక్క లిన్-14 అనే ఇంకో జన్యువు పంపిన ఆర్‌ఎన్‌ఏకు అతుక్కుని, దాన్నుంచి ప్రోటీన్ రాకుండా అడ్డం పడుతుంది. పురుగు గొడవలే అనుకుని అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2000లో రవ్‌కున్ ప్రయోగశాలలో ఇలాంటిదే ఇంకొకటి, లెట్-7, దొరికింది. అది పురుగు నుంచి మనిషి దాకా ఉందని తెలిశాక పరిస్థితి తలకిందులైంది. మైక్రోఆర్‌ఎన్‌ఏలని పిలిచే ఇలాంటి ముక్కలు మనుషుల్లో ఇప్పుడు వందల్లో లెక్కకొచ్చాయి. 2024లో వీళ్లిద్దరికీ వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది. పురుగు నుంచి స్టాక్‌హోం చేరడానికి 31 ఏళ్లు.

మైక్రోఆర్‌ఎన్‌ఏ తయారయ్యే తీరు సూటిగానే ఉంటుంది. జన్యువు నుంచి తలపిన్నులా మడతపడ్డ పొడవాటి ఆర్‌ఎన్‌ఏ వస్తుంది. దాన్ని కేంద్రకంలో డ్రోషా అనే ఎంజైమ్ ఒకసారి కోస్తుంది, బయట డైసర్ ఇంకోసారి కోస్తుంది. మిగిలిన 22 అక్షరాల పోగు ఆర్గోనాట్ అనే ప్రోటీన్‌లో కూర్చుంటుంది. పోగులో 2 నుంచి 8 దాకా ఉన్న అక్షరాలకు సరిపడే వరుస ఏ సందేశ ఆర్‌ఎన్‌ఏ తోకలో కనిపిస్తే దానికి అతుక్కుంటుంది. ఆ సందేశం ఇక చదవబడదు, లేదా తొందరగా చెడిపోతుంది. ఏడు అక్షరాల పోలిక చాలు కాబట్టి ఒక్క మైక్రోఆర్‌ఎన్‌ఏ వందల సందేశాలను అందుకోగలదు. దేన్నీ పూర్తిగా ఆపెయ్యదు, ఒక్కోదాన్నీ కొంచెం కొంచెం తగ్గిస్తుంది. ఈ "కొంచెం" అన్నమాట పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. ఫలానా మైక్రోఆర్‌ఎన్‌ఏ వల్లే ఫలానా జబ్బు అని పత్రికలో శీర్షిక కనిపిస్తే అనుమానించడానికి ఆ ఒక్క మాట చాలు.

మాయకు తనదంటూ ఒక మైక్రోఆర్‌ఎన్‌ఏ గుంపు ఉంది. అది 19వ క్రోమోజోమ్ మీద, దాదాపు లక్ష అక్షరాల మేర, 46 జన్యువులుగా పరుచుకుని ఉంది. శాస్త్రవేత్తలు దీన్ని సీ19ఎంసీ అంటారు. నాకు ఈ కథ మొత్తంలో అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది ఇదే. ఈ గుంపు కోతి జాతుల్లోనూ మనిషిలోనూ తప్ప ఇంకెక్కడా లేదు. ఎలుకలో లేదు, ఆవులో లేదు. ఆరోగ్యంగా ఉన్న ఒంట్లో ఇది దాదాపుగా మాయలోనే పనిచేస్తుంది. పైగా తల్లి నుంచి వచ్చిన ప్రతి మీద రసాయన ముద్ర పడి మూగబోయి ఉంటుంది. తండ్రి నుంచి వచ్చిన ప్రతి ఒక్కటే మాట్లాడుతుంది.

ఆ మాటలు మాయలోనే ఆగిపోవు. ట్రోఫోబ్లాస్ట్‌లు వీటిని ఎక్సోజోమ్‌లనే సూక్ష్మమైన తిత్తుల్లో నింపి తల్లి రక్తంలోకి వదులుతాయి. హాంకాంగ్‌లో డెన్నిస్ లో బృందం 2008లో మాయ మైక్రోఆర్‌ఎన్‌ఏలను తల్లి ప్లాస్మాలో కొలిచి చూపింది. కాన్పయ్యాక ఒక రోజులో అవి దాదాపు మాయమైపోయాయి. 2013లో పిట్స్‌బర్గ్ శాస్త్రవేత్తలు ఈ తిత్తులు వేరే కణాలకు వైరస్‌ల నుంచి రక్షణ ఇస్తాయని చూపారు. అంటే నిండు నెలల్లో ఉన్న ఆడమనిషి రక్తంలో ఆమె భర్త నుంచి బిడ్డకు అందిన జన్యువుల కబుర్లు తిరుగుతూ ఆమె కణాల పనిలో చెయ్యి పెడుతుంటాయి. వియ్యాలవారి తగవుల్లో ఈ సంగతి ఎవరూ ఎత్తరు!

తండ్రి వాటా నిజంగానే ఉందని జనాభా లెక్కలు కూడా చెబుతున్నాయి. ఒక స్త్రీకి ప్రీ-ఎక్లాంప్సియా వచ్చిన గర్భానికి తండ్రైన పురుషుడు ఇంకో స్త్రీతో బిడ్డను కంటే, ఆమెకూ ఈ జబ్బు వచ్చే అవకాశం దాదాపు రెట్టింపని నార్వే జనన రికార్డులు చూసి 1998లో తేల్చారు. 2017లో వేలమంది బిడ్డల జన్యువులను పరిశీలించినప్పుడు ముప్పుతో ముడిపడ్డ తేడా బిడ్డ జన్యుపటంలో, ఎస్‌ఫ్లిట్-1ను తయారుచేసే జన్యువు పక్కనే దొరికింది. తల్లి వైపు కారణాలు లేవని కాదు. ముందునుంచీ బీపీ, షుగరు, కిడ్నీ జబ్బు, ఊబకాయం, కవలలు, తొలి గర్భం ఇవన్నీ ముప్పు పెంచేవే. ఆంధ్రప్రదేశ్‌లో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో నూటికి 12.6 మంది అప్పటికే తల్లులో గర్భిణులో అయి ఉన్నారని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. తొలి గర్భం, అదీ ఆ వయసులో. దానికి ఆ పిల్లను నిందించేవాళ్లు ముందు ఆమె పెళ్లి ముహూర్తం పెట్టినవాళ్లను అడగాలి.

*

ప్రీ-ఎక్లాంప్సియా మాయల్లో పెరిగిందని ఎక్కువ అధ్యయనాలు ఒప్పుకునే మైక్రోఆర్‌ఎన్‌ఏ ఒకటుంది, మిర్-210. దీని గురించి 2007లోనే రాశారు. ఆక్సిజన్ తగ్గగానే కణాల్లో మేల్కొనే హెచ్‌ఐఎఫ్ అనే ప్రోటీన్ దీన్ని పురికొల్పుతుంది. పెరిగిన మిర్-210 రెండు పనులు చేస్తుంది. ట్రోఫోబ్లాస్ట్‌ల చొరబాటుకు తోడ్పడే ఎఫ్రిన్-ఏ3, హాక్స్-ఏ9 లాంటి ప్రోటీన్లను తగ్గిస్తుంది. మైటోకాండ్రియాలో ఇనుము, గంధకం కలిసిన భాగాలను కట్టడానికి కావలసిన ఐఎస్‌సీయూను కూడా తగ్గిస్తుంది, దాంతో కణం ఆక్సిజన్‌ను వాడుకునే శక్తి పడిపోతుంది. ఆక్సిజన్ తక్కువైన చోట ఖర్చు తగ్గించుకోవడం కొంతవరకూ తెలివైన పనే. ఆ పొదుపు శ్రుతి మించితే ధమనులను వెడల్పు చేసే పని ఆగి, ఆక్సిజన్ మరింత తగ్గి, మిర్-210 మరింత పెరుగుతుంది.

ఇది కారణమా, ఫలితమా? సముద్రమట్టానికి 3,100 మీటర్ల ఎత్తున కాపురముండే తల్లుల మాయల్లో కూడా మిర్-210 ఎక్కువే ఉంది, వాళ్లందరికీ ప్రీ-ఎక్లాంప్సియా లేదు. (తిరుమల కొండ ఎత్తు సుమారు 3 వేల అడుగులే. దర్శనానికి వెళ్లే గర్భిణులు దీన్ని చదివి కంగారు పడనక్కర్లేదు.) కాబట్టి మిర్-210 ఆక్సిజన్ కొరతకు గుర్తు అన్నంతవరకూ గట్టిగా చెప్పొచ్చు. అదే జబ్బును మొదలుపెడుతుందని చెప్పడానికి ఆధారాలు చాలవు. మిర్-155 సంగతి వేరు. అది వాపుతో, రోగనిరోధక ఉద్రిక్తతతో పెరుగుతుంది. రక్తనాళాన్ని సడలించే నైట్రిక్ ఆక్సైడ్‌ను తయారుచేసే ఎంజైమ్‌ను అది తగ్గిస్తుంది. నాళం బిగుసుకుంటే బీపీ పెరగడం సహజమే.

ఇంత తెలిసినా ఒక్క మైక్రోఆర్‌ఎన్‌ఏ పరీక్ష కూడా ప్రసూతి వార్డుకు చేరలేదు. దానికి బలమైన కారణాలున్నాయి. ప్రీ-ఎక్లాంప్సియా తల్లికి 31వ వారంలో కాన్పు చెయ్యాల్సి వస్తుంది, పోల్చడానికి దొరికే ఆరోగ్యమైన మాయ 39వ వారానిది. మాయ వయసుతోపాటు మైక్రోఆర్‌ఎన్‌ఏలు మారతాయి, నొప్పులు పడ్డాక తీసినదానికీ సిజేరియన్‌లో తీసినదానికీ తేడా వస్తుంది. దొరికిన తేడా జబ్బుదో, వారాలదో తేల్చడం కష్టం. సీ19ఎంసీ గుంపులో 517, 519, 515 కుటుంబాలు పెరిగాయని కొన్ని పరిశోధనలు చెబితే, ఇంకొన్ని ఒప్పుకోలేదు. ఎలుకల మీద పరీక్షిద్దామంటే వాటికి ఆ గుంపే లేదు. ట్రోఫోబ్లాస్ట్‌లు మనిషిలో చొరబడినంత లోతుగా చిట్టెలుకలో చొరబడవు కూడా.

రక్తం తీసే పద్ధతి కూడా ఫలితాన్ని తిప్పేయగలదు. ఎర్ర రక్తకణాల నిండా మిర్-451 ఉంటుంది. సూది గుచ్చడంలో, గొట్టం ఊపడంలో, ఎండలో ఆలస్యంగా తీసుకెళ్లడంలో కొన్ని కణాలు పగిలినా ప్లాస్మా లెక్క తారుమారవుతుంది. అందుకే జాగ్రత్తపరులు ముందుగా మిర్-451కూ మిర్-23ఏకూ ఉన్న నిష్పత్తి చూసి, చెడిన గొట్టాలను పక్కన పెడతారు. మే నెలలో శ్రీకాళహస్తి నుంచో పుంగనూరు నుంచో తిరుపతికి రక్తం గొట్టాలు తెప్పించాలనుకునేవాళ్లకు ఇది చిన్న సమస్య కాదు. ఒక్క మాట చెప్పాలి. స్విమ్స్, రుయా ఆసుపత్రి, ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, మహిళా విశ్వవిద్యాలయం, 2015లో వచ్చిన ఐసర్, ఇవన్నీ ఒక్క ఊళ్లో ఉండటం మామూలు విషయం కాదు. హర్యానాలోని గురుగ్రామ్ సివిల్ ఆసుపత్రిలో 2015 నుంచి గర్భిణులను తొలి నెలల్లోనే చేర్చుకుని, నమూనాలు దాచి, నెలలు నిండకుండా వచ్చే కాన్పుల మీద గర్భిణి అనే అధ్యయనం నడిపారు. అలాంటిది ప్రీ-ఎక్లాంప్సియా మీద దక్షిణ రాయలసీమలో నడపగల ఊరు ఏదైనా ఉంటే అది తిరుపతే అని నా అభిప్రాయం.

తొలి నెలల్లోనే ఎందుకు? ఆస్పిరిన్ వల్ల. ముప్పు ఎక్కువున్న గర్భిణులకు 11–14 వారాల నుంచి 36 వారాల దాకా రోజూ రాత్రి 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇస్తే, నెలలు నిండకుండానే వచ్చే ప్రీ-ఎక్లాంప్సియా 62 శాతం తగ్గిందని ప్రధానంగా ఐరోపాలో జరిగిన పెద్ద ప్రయోగం 2017లో చూపింది. ధమనులు మారే పని గర్భం సగానికి ముగుస్తుంది కాబట్టి ఆ తర్వాత మొదలుపెడితే అంత లాభం ఉండదు. ఎవరికి ఇవ్వాలో 12వ వారంలో చెప్పగల పరీక్షే కావాలి. మైక్రోఆర్‌ఎన్‌ఏల మీద ఆశంతా అక్కడే. అప్పటికి మాయ చిన్నదే, కానీ రక్తంలోకి కబుర్లు అప్పటికే పంపుతుంటుంది.

ఆస్పిరిన్‌ను సొంతంగా కొనుక్కుని వేసుకోకూడదు, డాక్టరు చెప్పాలి. కాల్షియం సంగతి ఇంకా సులువు. బెంగళూరులోనూ టాంజానియాలోనూ ఒక్కోచోట 11 వేల మంది తొలిచూలు గర్భిణులతో చేసిన ప్రయోగం 2024లో అచ్చయింది. ప్రీ-ఎక్లాంప్సియాను అడ్డుకోవడంలో రోజుకు 500 మిల్లీగ్రాముల కాల్షియం 1,500కు ఏమీ తీసిపోదని అది తేల్చింది.

ఫిట్స్ వచ్చాక ఏం చెయ్యాలన్నదానికి మన పక్క ఊరి చరిత్ర ఒకటుంది. మద్రాసు ఎగ్మూరు ఆసుపత్రిలో ఎం.కె. కృష్ణ మీనన్ మత్తుమందుల మిశ్రమంతో ఎక్లాంప్సియాకు చికిత్స చేసి 1961లో తన అనుభవాన్ని ప్రచురించారు. మీనన్ పద్ధతి పేరుతో అది భారతదేశమంతా దశాబ్దాలపాటు నడిచింది. 1995లో తొమ్మిది దేశాల్లో, మన దేశంతో సహా, 1,687 మంది మీద జరిగిన ప్రయోగం ఫిట్స్ మళ్లీ రాకుండా ఆపడంలో మెగ్నీషియం సల్ఫేట్ డయాజెపామ్ కన్నా, ఫెనిటాయిన్ కన్నా మెరుగని తేల్చింది. 2002లో ఫలితాలు వచ్చిన, 33 దేశాల్లో పదివేలమందికి పైగా గర్భిణులతో నడిచిన మాగ్పై ప్రయోగంలో అది ఫిట్స్ ముప్పును సగానికి పైగా తగ్గించింది. చవకైన ఉప్పు లాంటి మందు అది. ఇచ్చేటప్పుడు చూడాల్సినవి మూడు: మోకాలి మీద తడితే కాలు ఎగురుతోందా, ఊపిరి సరిగ్గా ఉందా, మూత్రం వస్తోందా. జన్యుశాస్త్రం ఇంత దూరం వచ్చినా ఈ రాత్రికి ప్రాణం కాపాడేది బీపీ మిషన్, మూత్రం పట్టీ, ఈ మందు, వేళకు వచ్చిన 108.

మైక్రోఆర్‌ఎన్‌ఏల పనిముట్లనే మందుగా వాడాలన్న ప్రయత్నం కూడా మొదలైంది. బయట తయారుచేసిన చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కలను ఎక్కిస్తే అవీ ఆర్గోనాట్‌లోనే కూర్చుంటాయి. ఎస్‌ఫ్లిట్-1 సందేశాన్ని మాత్రమే గుర్తుపట్టేలా ఆ ముక్కలను కట్టి, ప్రీ-ఎక్లాంప్సియా తెప్పించిన బబూన్ కోతులకు ఒక్క మోతాదు ఇస్తే రక్తంలో ఎస్‌ఫ్లిట్-1 పడిపోయింది, బీపీ దిగింది. ఇది 2018 నాటి మాట, కరుమంచి కూడా ఆ బృందంలో ఉన్నారు. 28వ వారంలో ఉన్న గర్భాన్ని ఇంకో రెండు వారాలు నిలపగలిగితే నవజాత శిశువుల వార్డులో దాని విలువ ఎంతో పిల్లల డాక్టర్లకు తెలుసు. అయితే కడుపులో బిడ్డ ఉండగా తల్లికి ఇచ్చే కొత్త మందు ఎంత నెమ్మదిగా నడవాలో అంత నెమ్మదిగానే నడుస్తుంది. నడవాలి కూడా.

మాయ బయటికొచ్చిన మర్నాటికి సీ19ఎంసీ కబుర్లు రక్తంలోంచి దాదాపు పోతాయని చెప్పాను. బీపీ మాత్రం అంత మర్యాదస్తురాలు కాదు. కాన్పయిన మూడు నుంచి ఆరు రోజుల మధ్య అది మళ్లీ పెరగొచ్చు, ఇంటికి పంపాక ఫిట్స్ వచ్చిన బాలింతలున్నారు. ప్రీ-ఎక్లాంప్సియా వచ్చినవాళ్లకు తర్వాతి జీవితంలో బీపీ జబ్బు వచ్చే అవకాశం మూడు నాలుగు రెట్లు, గుండెజబ్బు, పక్షవాతం వచ్చే అవకాశం దాదాపు రెట్టింపు. నలభై అయిదేళ్ల ఆడమనిషి ఛాతీ నొప్పితో వచ్చినప్పుడు షుగరుందా, పొగాకు నములుతావా అని అడిగే డాక్టరు, "కాన్పులప్పుడు బీపీ పెరిగిందా, ఫిట్స్ వచ్చాయా" అని కూడా అడిగితే కేస్‌షీట్‌లో ఇంకో వరుస చేరుతుంది. ఆ ప్రశ్నకు జవాబు ఆమెకు బాగానే గుర్తుంటుంది.